ప్రింటా, డీబగ్గరా: ఏది మేలు?

మా టీమ్‌లోకి కొత్తగా ఎవరు చేరినా నెల తిరక్కముందే ఒకే ప్రశ్న వేస్తారు. "అన్నా, డీబగ్గర్ కచ్చితంగా నేర్చుకోవాలా? నాకు ప్రింట్‌లతోనే పని అయిపోతోంది." ఈ రెండూ కోడ్‌లో తప్పు, అంటే బగ్, ఎక్కడుందో వెతికే దారులే: మధ్యమధ్యలో విలువల్ని తెర మీద చూపించే ప్రింట్ లైన్లు పెట్టడం ఒకటి, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూపించే డీబగ్గర్ అనే సాధనం వాడటం ఇంకొకటి. అడిగేటప్పుడు గొంతులో కాస్త సిగ్గు ఉంటుంది. కాలేజీలోనో, అమీర్‌పేట కోచింగ్‌లోనో "అనుభవం ఉన్నవాళ్లు ప్రింట్‌లు పెట్టరు" అని ఎవరో చెప్పి ఉంటారు. మొన్న ఒకే వారంలో ఇద్దరు అడిగారు. ప్రతిసారీ కాఫీ మెషీన్ దగ్గర నిలబడి చెప్పే బదులు ఒకసారి రాసి పెట్టేద్దాం అనిపించింది.

ముందు నా సంగతి ఒప్పేసుకుంటాను. పన్నెండేళ్లుగా కోడ్ రాస్తున్నా ఇవాళ్టికీ నా చెయ్యి మొదట ప్రింట్ మీదికే పోతుంది. అవేమైనా నలుగురికి చూపించుకునేలా ఉంటాయా అంటే అదీ లేదు. "1", "2", "ఇక్కడికొచ్చింది", "ఇక్కడికి కూడా వచ్చింది", మరీ విసుగొస్తే "వచ్చావా నాయనా". ఒకసారి ఆ చివరిది తీసేయడం మర్చిపోయి కమిట్ చేశాను, అంటే ప్రాజెక్ట్ కోడ్‌లో మార్పుగా సేవ్ చేసేశాను. రివ్యూలో ఎవరి కంటా పడలేదు. రెండు వారాల తర్వాత క్లయింట్ వాళ్లతో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి సర్వర్ లాగ్ (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా) తెరిస్తే, ప్రతి ఆర్డర్ కిందా "వచ్చావా నాయనా". అటువైపు మనిషికి తెలుగు రాదు. "అదేంటి, ఎర్రర్ కోడా?" అన్నాడు. ట్రేసింగ్ కోసం పెట్టామన్నాను. అబద్ధమైతే కాదు.

సరే, అసలు విషయం. ఈ రెండింటి మధ్య వాదనల్లో అందరూ సౌకర్యం గురించీ, అలవాటు గురించీ మాట్లాడతారు. నన్నడిగితే తేల్చేది ఒక్కటే: ఒక రౌండ్‌కి ఎంతసేపు పడుతుంది? అంటే కోడ్‌లో ఒక లైన్ మార్చి, మళ్లీ నడిపి, బగ్ ఉన్న చోటిదాకా వెళ్లి జవాబు చూడటానికి పట్టే సమయం.

చిన్న పైథాన్ స్క్రిప్ట్ అనుకోండి, రెండు సెకన్లు. అక్కడ ప్రింట్‌కి ఎదురే లేదు. డీబగ్గర్ తెరిచి, బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటి గుర్తు) పెట్టే లోపల మూడు ప్రశ్నలకు జవాబులు వచ్చేస్తాయి. అదే నేను ఒకప్పుడు చేసిన ఆండ్రాయిడ్ ప్రాజెక్ట్‌లో బిల్డ్ అవ్వడానికే, అంటే కోడ్ నడిచే యాప్‌గా తయారవడానికే, ఆరు నిమిషాలు. గంటకి పది ప్రశ్నలు. మధ్యలో టీకి వెళ్తే ఎనిమిది. పైగా ఆరు నిమిషాలు ఆగి చూశాక, "అయ్యో, దాని పక్క వేరియబుల్ కూడా ప్రింట్ చేసి ఉండాల్సింది" అని గుర్తొస్తుంది చూడండి, ఆ బాధ పగవాడికి కూడా వద్దు. డీబగ్గర్‌లో ఈ గొడవ లేదు. ఒకసారి ఆగాక అక్కడున్న వేరియబుల్స్ అన్నీ కళ్ల ముందే ఉంటాయి. కాల్ స్టాక్‌లో పైకెళ్లి, ఈ ఫంక్షన్‌ని ఎవరు ఏ విలువతో పిలిచారో చూడొచ్చు. అక్కడికక్కడే ఏ ఎక్స్‌ప్రెషన్ అయినా నడిపి చూడొచ్చు. ముందు తట్టని ప్రశ్న అప్పుడు తట్టినా మళ్లీ బిల్డ్ చేయక్కర్లేదు.

ఇక్కడే నాకు నచ్చే మెలిక ఒకటుంది. ప్రింట్‌లో ప్రశ్న ముందే తేల్చుకోవాలి. ఏ లైన్ దగ్గర, ఏ విలువ, ఎంత ఉండాలి, ఎంత ఉందేమో అని ఒక అనుమానం ఉంటే గానీ ప్రింట్ ఎక్కడ పెట్టాలో తెలియదు. రౌండ్ ఖరీదైనప్పుడు అది శిక్ష. చవకైనప్పుడు మాత్రం అదే మేలు చేస్తుంది, ఎందుకంటే ఆ అనుమానం కూడగట్టుకునేటప్పుడే నాకు సగం బగ్‌లు దొరికిపోతాయి. డీబగ్గర్ ముందు కూర్చుంటే నా బుర్ర పని మానేస్తుంది. ఒక్కో లైన్ ముందుకు కదిపే కీ, ఎఫ్10, ఎఫ్10, ఎఫ్10 అని నొక్కుకుంటూ పోతాను. బస్సులో కునుకు తీసి దిగాల్సిన స్టాపు దాటిపోయినట్టు, అసలు లైన్ దాటిపోయాక మెలకువ వస్తుంది. మళ్లీ మొదటినుంచి.

ప్రింట్‌కి ఇంకో బలం ఉంది. డీబగ్గర్ ఒక క్షణాన్ని లోతుగా చూపిస్తుంది, ప్రింట్ జరిగిన కథంతా వరసగా పరుస్తుంది. ఒకసారి కొన్ని ఆర్డర్లకు ముందురోజు తేదీ పడుతోందని ఫిర్యాదు వచ్చింది. బ్రేక్‌పాయింట్ పెట్టి ఒక ఆర్డర్ చూస్తే అంతా బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. అప్పుడు ఆర్డర్ వచ్చిన టైమ్, సేవ్ అయిన తేదీ పక్కపక్కన ప్రింట్ చేయించి ఒక రోజు ఆర్డర్లన్నీ నడిపించాను. తప్పు పడినవన్నీ అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారి ఐదున్నర లోపువే. ఐదున్నర అనే అంకె కనబడితే మన దేశంలో ఏ డెవలపర్‌కైనా ఇక చెప్పక్కర్లేదు. సర్వర్ యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకు వాడే సమయం) ఉంది, మనం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. మనకి తెల్లవారుజామున నాలుగైతే అక్కడ ఇంకా నిన్న రాత్రి పదిన్నరే. ఒక్కొక్క ఆర్డర్ దగ్గర ఆగి చూస్తూ ఉంటే ఆ వరస నాకు ఎప్పటికి తట్టేదో.

అలాగని ప్రింట్‌ని గుడ్డిగా నమ్మొద్దు, అది అబద్ధాలు కూడా చెబుతుంది. నన్ను రెండు రోజులు తిప్పించింది ఒక పేరు. రెండు లిస్టుల్లోనూ "శ్రీనివాస్" ఉన్నాడు, పోల్చితే మాత్రం ఒకటి కాదంటోంది. రెండూ ప్రింట్ చేశాను, అచ్చం ఒకేలా ఉన్నాయి. చుట్టూ ఖాళీలేమైనా ఉన్నాయేమోనని చివర్లలో ఖాళీలు కత్తిరించే స్ట్రిప్ కూడా పెట్టాను, లాభం లేదు. చివరికి డీబగ్గర్‌లో చూస్తే ఒకదాని పొడవు 10, ఇంకోదానిది 11. తెలుగు టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత హల్లు వత్తుగా మారిపోకుండా ఆపడానికి ఒక కనపడని అక్షరం పెడతాం కదా, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో, ఆ జీరో విడ్త్ నాన్ జాయినర్ పేరు చివర వచ్చి కూర్చుంది. యూనికోడ్ లెక్కలో అది ఖాళీ కాదు, కాబట్టి స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. మామూలు ప్రింట్ మనుషులు చదువుకోవడానికి వీలుగా చూపిస్తుంది, డీబగ్గర్ లోపల ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. పైథాన్‌లో విలువని రెప్ర్‌లో (లోపల ఉన్నది ఉన్నట్టు చూపించే ఫంక్షన్) చుట్టి ప్రింట్ చేస్తే ఈ దొంగలు బయటపడతారు. 3.8 వెర్షన్ నుంచి ఎఫ్ స్ట్రింగ్‌లో (వేరియబుల్స్‌ని మధ్యలో ఇమిడ్చే వాక్యం) వేరియబుల్ పేరు పక్కన ఈక్వల్ గుర్తు పెట్టినా చాలు, పేరూ వస్తుంది, రెప్రూ వస్తుంది. అంకె 5 అనుకున్నది నిజానికి "5" అనే స్ట్రింగ్ (ఒట్టి అక్షరం) అయిన సందర్భాలు కూడా ఇలాగే దొరుకుతాయి.

ఇంకో అబద్ధం బఫరింగ్. టెర్మినల్‌లో అయితే లైన్ పూర్తవ్వగానే కనిపిస్తుంది. అదే అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లిస్తే కొంత పోగయ్యాక ఒకేసారి రాస్తుంది. ఈలోగా ప్రోగ్రామ్ హఠాత్తుగా చచ్చిపోతే పోగైనదంతా దాంతోపాటే పోతుంది. "ఆఖరికి 3 పడింది కాబట్టి 3 తర్వాతే పోయింది" అని మనం లెక్కలేసుకుంటాం, అది నిజానికి 7 దాకా వెళ్లి ఉంటుంది. ఫ్లష్ చేయించండి, అంటే పోగవ్వనివ్వకుండా అప్పటికప్పుడే రాయించండి.

మరి డీబగ్గర్ ఎక్కడ చేతులెత్తేస్తుంది? బయటివాళ్లతో మాట్లాడే కోడ్‌లో. మీరు బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగి తీరిగ్గా ఆలోచిస్తుంటే అవతల టైమ్‌ఔట్ అయిపోతుంది, టోకెన్ (లోపలికి రానిచ్చే తాత్కాలిక పాస్) ఎక్స్‌పైర్ అయిపోతుంది. కదిలించగానే కొత్త ఎర్రర్. దాన్ని అరగంట వెతికాక, అది మీరు ఆగడం వల్ల పుట్టిందేనని అర్థమవుతుంది. ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే రెండు పనులు, అంటే థ్రెడ్‌లు, ఒకదాని మీద ఒకటి పడే బగ్‌లూ అంతే. ఒకదాన్ని ఆపగానే వరస మారిపోయి బగ్ మాయం. న్యాయంగా చెప్పాలంటే ప్రింట్ పెట్టినా ఒక్కోసారి ఆ కాస్త ఆలస్యానికే మాయమవుతుంది, కాకపోతే తక్కువ.

ఇక ప్రొడక్షన్‌లో పోటీయే లేదు. జనం వాడుతున్న సర్వర్‌ని బ్రేక్‌పాయింట్ దగ్గర నిలబెడతానంటే ఎవరూ ఒప్పుకోరు. "లోకల్‌లో రీప్రొడ్యూస్ అవ్వట్లేదు" (నా మెషీన్‌లో ఆ బగ్ మళ్లీ రావట్లేదు) అనే మాట వచ్చిందంటే లాగ్‌లే దిక్కు. ప్రింట్‌కి చదువు చెప్పించి, చొక్కా టక్ చేయించి ఉద్యోగానికి పంపితే లాగ్. పక్కన ఆర్డర్ నంబరు, టైమ్ ఉండేలా చూసుకోండి. ఒట్టి "ఇక్కడికొచ్చింది" వల్ల, ఎవరొచ్చారో కూడా తెలియదు.

మిగతా దారులు కూడా అడుగుతుంటారు. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ చెడిపోతే ఏ కమిట్‌తో చెడిందో సగం సగం చేసుకుంటూ వెతికే గిట్ బైసెక్ట్ మంచిది, వెయ్యి కమిట్‌లున్నా పది అంచెల్లో తేలుస్తుంది. కోడ్ మార్చకుండానే ప్రింట్ చేయించే లాగ్‌పాయింట్‌లు వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఉన్నాయి, బాగుంటాయి, నాకే గుర్తుండవు. ఎర్రర్ అంతా ఏఐకి ఇచ్చి అడగడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. అది అనుమానం చెబుతుంది, నిజమో కాదో చూడ్డానికి మళ్లీ ప్రింటో బ్రేక్‌పాయింటో పెట్టాల్సిందే.

నేర్చుకోవడానికి డీబగ్గర్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఆగడం, షరతు పెట్టి ఆగడం, కాల్ స్టాక్‌లో పైకెళ్లి చూడటం, ఈ మూడూ వస్తే నా అవసరాల్లో ముప్పాతిక తీరిపోతాయి. షరతు మాత్రం తప్పకుండా నేర్చుకోండి. పదివేల సార్లు తిరిగే లూప్‌లో షరతు లేకుండా ఆగినవాడి ముఖం నేను చూశాను.

మొన్న అడిగిన ఇద్దరిలో ఒకతను పాత జావా ప్రాజెక్ట్‌లో ఉన్నాడు, వాళ్ల సర్వర్ లేవడానికే నాలుగు నిమిషాలు. అతన్ని ఈ వారంలోనే డీబగ్గర్ పట్టుకోమన్నాను. రెండో అమ్మాయివి పైథాన్ స్క్రిప్ట్‌లు. "నీకు ప్రింట్ చాలమ్మా, రెప్ర్ మాత్రం మర్చిపోకు" అన్నాను. కమిట్ చేసే ముందు "నాయనా" అని ఒకసారి వెతుక్కోమని కూడా చెప్పాను.