కోనికల్ ముల్లా, ఎలిప్టికల్ ముల్లా: పాత తెలుగు రికార్డులకు ఏది మేలు?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అటకల మీది పెట్టెల్లోంచి బయటపడుతున్న సినిమా పాటల రికార్డులను మళ్ళీ వినాలని టర్న్‌టేబుల్ కొనుక్కుంటున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ముల్లు గురించే. ఆడియో టెక్నికా వీఎం95 వంటి కార్ట్రిడ్జికి, అంటే ముల్లును పట్టి ఉంచి దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగానికి, గుండ్రని మొన ఉన్న కోనికల్ ముల్లును గాని, పక్కలు సన్నగా అరగదీసిన ఎలిప్టికల్ ముల్లును గాని తగిలించుకోవచ్చు. కోనికల్ చౌక. ముల్లును ఓపికగా సర్దుకునేవారికి ఎలిప్టికల్, బిగించి వదిలేసేవారికి కోనికల్ మేలని నా అభిప్రాయం.

పన్నెండు అంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతున్నప్పుడు, అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది. లేబులు దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అక్కడ 10,000 హెర్ట్‌జ్ ధ్వనికి గాడిలో ఒక పూర్తి అలకు దక్కే చోటు 21 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కోనికల్ మొన వ్యాసార్ధం 15 నుంచి 18 మైక్రాన్లు గనుక అది ఆ సన్నని వంపుల్లోకి పూర్తిగా దిగలేదు. ఎలిప్టికల్ మొన గాడి గోడను తాకే పక్క సుమారు 8 మైక్రాన్లే గనుక చాలావరకు దిగుతుంది. ఎల్పీలో ఒక వైపు చివరి పాటలో గాయకుడు ‘శ’, ‘స’, ‘చ’ పలికిన ప్రతిసారీ ఉమ్మినట్టు చప్పుడు వస్తే, తప్పు పాటదని గాని స్పీకరుదని గాని అనుకునే ముందు ముల్లును అనుమానించాలి. ఏడు అంగుళాల చిన్న రికార్డులు 45 చుట్ల వేగంతో తిరుగుతాయి గనుక ఈ బాధ వాటిలో కొంత తక్కువ. ఇంట్లో ఉన్నవన్నీ అవే అయితే కోనికల్‌ను తీసిపారేయనక్కరలేదు.

అరిగిన రికార్డుల సంగతి అంత సూటిగా తేలదు. ముల్లును మోసే చేయి (టోన్‌ఆర్మ్) బరువుగా ఉన్న పాత పెట్టె ప్లేయర్ల కింద నలిగిన గాడిలో, కోనికల్ ముల్లు చాలాసార్లు ఆ నలిగిన భాగం మీదే మళ్ళీ కూర్చుంటుంది. ఎలిప్టికల్ కొద్దిగా వేరే చోట ఆనవచ్చు. అప్పుడు పాట తేటపడుతుంది. అదే ఎలిప్టికల్, గాడి అడుగున పేరుకున్న మురికినీ గీతలనూ కూడా మరింత స్పష్టంగా వినిపించే సందర్భాలూ ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన కోస్తా గాలి తేమకు బూజు పట్టిన రికార్డును కడగకుండా ఆడిస్తే ఏ ముల్లయినా ఒక్కటే.

సర్దుబాటు దగ్గరే అసలు తేడా బయటపడుతుంది. కోనికల్ మొన అన్ని వైపులా గుండ్రం గనుక, పైనుంచి చూసినప్పుడు కార్ట్రిడ్జి కాస్త పక్కకు తిరిగి ఉన్నా గోడలను తాకే తీరు మారదు. ఎలిప్టికల్ మొన వెడల్పు గాడికి సరిగ్గా అడ్డంగా నిలవాలి. కొద్దిగా మెలి తిరిగినా ఒక గోడ మీది సంగతిని ముందు, రెండో గోడ మీది సంగతిని వెనుక చదువుతుంది, డబ్బు పోసి కొన్న తేటదనం అక్కడే పోతుంది. అందుకే కార్ట్రిడ్జిని సరిగ్గా నిలపడానికి గీతలు గీసిన అమరిక అట్ట తప్పనిసరి. బేర్వాల్డ్ అనే అమరిక పద్ధతిలో వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం, కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, మళ్ళీ 121 మిల్లీమీటర్ల దగ్గర కార్ట్రిడ్జి అట్ట మీది గీతలకు సమాంతరంగా నిలిచేలా మరలు వదులు చేసి జరపాలి. ఆ తర్వాత చిన్న అద్దపు ముక్క మీద ముల్లును దించి, ఎదుటి నుంచి చూస్తే కార్ట్రిడ్జీ దాని ప్రతిబింబమూ ఒకే నిలువు గీతలో ఉండాలి.

ముల్లు రికార్డు మీద మోపే బరువు విషయంలో రెండు ముళ్ళకూ ఒకే నియమం. వీఎం95లో ఈ రెండింటికీ 1.8 నుంచి 2.2 గ్రాములు, మధ్యస్థంగా 2 గ్రాములు. తేలికగా పెడితే రికార్డు అరగదన్న నమ్మకం తప్పు. బరువు చాలని ముల్లు పెద్ద స్వరాల దగ్గర గోడను వదిలి ఎగిరి పడి గాడిని చెక్కేస్తుంది. నెల్లూరు ఆచారి వీధిలో నగల పనివారు వాడే చిన్న డిజిటల్ త్రాసుతో కూడా ఈ బరువును చూసుకోవచ్చు గాని, పళ్ళెం ఇనుముదైతే కార్ట్రిడ్జిలోని అయస్కాంతం దాన్ని లాగి తప్పు లెక్క చూపవచ్చు. పైగా తూచేటప్పుడు ముల్లు రికార్డు ఉపరితలం ఎత్తులోనే ఆనాలి. చేయిని రికార్డు మధ్యకు లాగే బలాన్ని సరిచేసే యాంటీ స్కేటింగ్ మీటను ముందు ఆ బరువు అంకె దగ్గరే పెట్టి, కుడి చానల్ ధ్వని ముందుగా చెదిరితే కొద్దిగా పెంచాలి, ఎడమ చెదిరితే తగ్గించాలి.

78 చుట్ల లక్క రికార్డులకు మాత్రం ఈ రెండూ పనికిరావు. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది, అందుకు సుమారు 75 మైక్రాన్ల వ్యాసార్ధమున్న ముల్లు కావాలి. వీఎం95లోనే ఎస్‌పీ పేరుతో అది దొరుకుతుంది, దానికి 5 గ్రాముల బరువు పెట్టాలి.

అమరిక అట్టతో ఓ సాయంత్రం కూర్చోలేనివారు కోనికల్ కొని, మిగిలిన డబ్బుతో మంచి కార్బన్ బ్రష్షు, రికార్డులకు కొత్త లోపలి కవర్లు కొనుక్కోవడమే నయం.