బాతులకు కోళ్ల లేయర్ మ్యాష్: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ దెబ్బ తీస్తుంది

కోళ్ల మేత కొట్టుకెళ్లి బాతులకి ఏమైనా ఉందా అని అడిగితే, చాలా చోట్ల చూపించేది లేయర్ మ్యాష్ బస్తానే, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసిన పిండి మేత. బాతుల కోసమే తయారైన మేత చిన్న ఊళ్ల కొట్లదాకా రావడం అరుదు. గుడ్డు పెట్టే పెట్టలకి ఈ బస్తా బాగానే పనికొస్తుంది. బాతు పిల్లలకి పనికిరాదు. పోతులకి, అంటే మగ బాతులకి, మంచిది కాదు. మార్కులు వెయ్యాలంటే ఐదుకి మూడున్నర. ఆ పోయిన ఒకటిన్నరలో సగం తప్పు బస్తాది కాదు, దాన్ని వాడే తీరుది.

ముందు మెచ్చుకోవలసింది కాల్షియం. బాతు గుడ్డు సుమారు 70 గ్రాములు తూగుతుంది. పెంకే 7 గ్రాములు, అందులో కాల్షియం రెండున్నర గ్రాముల పైమాట. లేయర్ మ్యాష్‌లో కాల్షియం 3 నుంచి 3.5 శాతం ఉంటుంది. పెట్ట రోజుకి 130 గ్రాములు తింటే నాలుగు గ్రాములకు పైగా లోపలికి వెళ్తుంది, ఒంటికి పట్టేది అందులో సగమో, కాస్త ఎక్కువో. అంటే అవసరానికి సరిగ్గా సరిపోతుంది, మిగులు మాత్రం ఉండదు.

ఆ సరిపోయిన లెక్కని చెడగొట్టేది తవుడు. బస్తా ఖరీదని సగం మ్యాష్, సగం తవుడు కలపడం దాదాపు అందరూ చేసే పనే. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం లేనట్టే. సగం కలిపితే పెట్టకి అందే కాల్షియమూ సగానికి పడిపోతుంది. మొదట్లో ఏ తేడా కనపడదు, ఎందుకంటే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్లకి పెంకు పలచబడుతుంది, గరుకు తేలుతుంది, ఆ తర్వాత తోలుగుడ్లు మొదలవుతాయి. అప్పుడు బస్తాని తిడతారు. తవుడు కలపాలనుకుంటే నాలుగో వంతు దాటనివ్వకండి, పక్కన విడి గిన్నెలో గుల్ల గ్రిట్, అంటే పలుకులుగా దంచిన ఆల్చిప్ప, పెట్టండి.

ఆ గ్రిట్ అదే కొట్టులో కిలోల లెక్కన దొరుకుతుంది, పెట్టిన డబ్బుకి ఇంత ఫలితమిచ్చే సరుకు ఆ కొట్టులో మరొకటి లేదు. పొడి కాకుండా పెసరగింజ సైజు పలుకులు తీసుకోండి. పెంకు కట్టడం ఎక్కువగా రాత్రిపూటే జరుగుతుంది. పొడి తొందరగా దాటిపోతుంది, పలుకులు కందనకాయలో నిలిచి తెల్లవారేదాకా కొంచెం కొంచెంగా కరుగుతాయి. అందుకే సాయంత్రం మేతప్పుడు గ్రిట్ గిన్నె నిండుగా ఉండాలి. మేతలో మాత్రం కలపకండి. ఎంత కావాలో పెట్టే చూసుకుని తింటుంది.

ఇక బస్తా అసలు బలహీనత. మ్యాష్ అంటే పిండి. పొడి పిండిని మింగడానికి బాతు ఇబ్బంది పడుతుంది. ముక్కుకి అంటించుకుని నీళ్ల దగ్గరికి పరిగెత్తుతుంది, అక్కడ కడుక్కుంటుంది, సగం మేత నీళ్లపాలవుతుంది. తడిపి పెట్టాల్సిందే. పిడికిలి పడితే ముద్ద కట్టి, వదిలితే విడిపోయేంత తడి చాలు, జావ కాకూడదు. పూటకి అరగంటలో తినేసేంతే పెట్టి, మిగిలింది తీసేసి గిన్నె కడగండి. ఎండాకాలంలో తడిపిన మేత రెండు మూడు గంటల్లోనే పులుస్తుంది. క్రంబుల్స్ (పలుకులుగా చేసిన మేత) దొరికితే కాస్త ఎక్కువిచ్చైనా అవే కొనండి, వృథా తగ్గుతుంది. ఏది పెట్టినా పక్కన నీళ్లుండాలి, తల మునిగేంత లోతుగా. ముక్కు రంధ్రాలూ కళ్లూ కడుక్కోలేని బాతుకి కళ్లు అతుక్కుపోతాయి. కోళ్ల డ్రింకర్లు ఇందుకు చాలవు, పాత బకెట్టో వెడల్పు టబ్బో నయం.

బస్తా 50 కిలోలు. ఐదు పెట్టలు రోజుకి 700 గ్రాములు తింటాయనుకున్నా రెండు నెలలు దాటి వస్తుంది. వానాకాలంలో విప్పిన బస్తా అన్నాళ్లు నిలవదు, బూజు పడుతుంది. బూజులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కోడి కొంతవరకు తట్టుకుంటుంది, బాతు తట్టుకోలేదు. కిలో మేతలో 0.03 మిల్లీగ్రాములున్నా పిల్లలకి ప్రమాదమే. కాలేయం దెబ్బతింటుంది, పిల్లలు తిండి మానేసి మెడ వెనక్కి విరుచుకుని చనిపోతాయి. పెద్ద పెట్టల్లో గుడ్లు తగ్గుతాయి, పెట్టలు చిక్కిపోతాయి. మక్కలూ, వేరుశనగ చెక్కా ఉన్న మేతలో ఈ భయం ఎక్కువ. ఎండబెట్టినా ఉడకబెట్టినా ఆ విషం పోదు. బూజు వాసన వచ్చిన మేతని కోళ్లకి వేద్దామని కూడా అనుకోకుండా పారెయ్యాలి. కొట్టువాళ్లిచ్చే టాక్సిన్ బైండర్ (విషాన్ని పట్టి ఉంచే) పొడి ముందుజాగ్రత్తకే తప్ప చెడిన మేతని మంచి చెయ్యదు. పది బాతుల లోపు ఉన్నవాళ్లు నిండు బస్తా కొనకుండా కొత్తగా విప్పిన దాంట్లోంచి 15 కిలోలు తూయించుకోవడం మేలు. లేదా పక్కింటివాళ్లతో పంచుకోండి. ఇంట్లో గోడకి ఆనకుండా, చెక్కల మీద, మూత ఉన్న డ్రమ్ములో పెట్టండి.

పిల్లలకి ఎందుకు వద్దంటే, గుడ్డు పెట్టని ఒంటికి అంత కాల్షియం బరువు. మూత్రపిండాలు పాడై, లోపల సుద్దలాంటి తెల్లని పూత పేరుకుంటుంది. పిల్లలకి 20 శాతం మాంసకృత్తులున్న స్టార్టర్ (పిల్లల మేత) ఇవ్వాలి, మందు కలిపినది కాకుండా. దాంతో పాటు నియాసిన్ అనే బి విటమిన్ చూసుకోవాలి. బాతు పిల్లకి కిలో మేతకి 55 మిల్లీగ్రాములు కావాలి, కోడిపిల్ల అవసరం దానికన్నా బాగా తక్కువ. పైగా మక్కల్లోని నియాసిన్ చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. తక్కువైతే కాళ్లు దొడ్డికాళ్లవుతాయి, మోకీళ్లు వాస్తాయి, పిల్ల కూలబడుతుంది. కిలో స్టార్టర్‌కి 50 గ్రాముల ఎండు బ్రూవర్స్ ఈస్ట్ కలిపితే 20 మిల్లీగ్రాముల పైన తోడవుతుంది. కాళ్లు వంకరపోయాక ఇస్తే పూర్తిగా సర్దుకోవడం కష్టం, కాబట్టి మొదటి రోజు నుంచే కలపాలి. లేయర్ మ్యాష్‌కి మార్చడం గుడ్డు పెట్టే వయసు దగ్గరపడ్డాకే. ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతులైతే సుమారు 16 వారాలకి. పోతులూ పెట్టలూ ఒకే చోట తింటుంటే బస్తా మార్చెయ్యడమే సులువు. అన్నిటికీ గ్రోయర్ మేత (ఎదిగే పక్షుల మేత), పెట్టల కోసం గ్రిట్ గిన్నె విడిగా. ఆరేడు పెట్టలకి ఒక పోతు చాలు.

గుడ్లు రావట్లేదని కొట్టువాడితో గొడవ పడేముందు గూడూ, చెరువుగట్టూ వెతకండి. బాతులు తెల్లవారుజామున పెడతాయి, దాదాపు అన్నీ తొమ్మిది లోపే. ఆరింటికే తలుపు తీస్తే గుడ్లు తుంగలోనూ నీళ్లలోనూ ఉంటాయి. పగలు కురచైన చలికాలంలో రోజుకి వెలుతురు 14 గంటల కన్నా తగ్గినా గుడ్లు తగ్గుతాయి, తెల్లవారుజామున చిన్న బల్బు వేస్తే సరిపోతుంది. ఈకలు రాల్చే వారాల్లో ఏ మేతా గుడ్లు పెట్టించదు.

మేతతో తీరనివి ఇంకా ఉన్నాయి. పెట్ట తోక ఊపుతూ, నిటారుగా నిలబడి ముక్కుతూ, కాళ్లీడుస్తుంటే గుడ్డు అడ్డం పడినట్టు. పొట్ట మునిగేలా గోరువెచ్చని నీళ్లలో 20, 30 నిమిషాలు కూర్చోబెట్టి, ద్వారం దగ్గర నూనె రాసి, చీకటి మూల ఒంటరిగా ఉంచాలి. నొక్కకూడదు, లోపల గుడ్డు పగలగొట్టకూడదు. ఆ పూటకి రాకపోతే పశువుల డాక్టరు కాల్షియం ఇంజెక్షన్ వెయ్యాలి. కొట్టులో అమ్మే కాల్షియం టానిక్ ఆ సమయంలో తాగించి కూర్చుంటే పెట్ట దక్కదు. రోజూ ఇవ్వడానికీ ఆ టానిక్ అక్కర్లేదు, గ్రిట్ ఉన్నచోట అది దండగ ఖర్చు.

ఒక్కసారిగా గుడ్లు పడిపోయి, పచ్చటి నీళ్ల విరేచనాలతో, వెలుగు చూడలేక కళ్లు మూసుకుంటూ బాతులు పోతుంటే అది డక్ ప్లేగు కావచ్చు. దానికి మందు లేదు. ఉన్నది టీకాయే, 8 నుంచి 12 వారాల వయసులో చర్మం కింద 1 మిల్లీలీటరు. డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి, సీసా విప్పి కలిపాక నిలవుంచేది కాదు గనక ఊళ్లో బాతులున్న ఇళ్లన్నీ ఒకే రోజు వేయించుకుంటే వృథా కాదు.

కొనేటప్పుడు: కుట్టు మీది చీటీలో తయారీ తేదీ చూడండి, నెల దాటితే వద్దనండి. గుప్పెడు తీసి వాసన చూడండి. గడ్డలుంటే, ముక్కిపోయిన నూనె వాసనొస్తే కొట్టు మార్చండి.