పెరటి తోటకు ఏ కొలత మేలు: లీటరా, గ్యాలనా, ఘనపుటడుగా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పెరటి మొక్కలు పెంచే ఇంట మూడు కొలతలు ఒకేసారి చెలామణీ అవుతుంటాయి. కుండీలను అంగుళాల్లో అడిగి తెచ్చుకుంటాము, మట్టిని ఘనపుటడుగుల లెక్కన ట్రాక్టరుతో తోలించుకుంటాము, వేపనూనె సీసా మూత మీద మాత్రం మిల్లీలీటర్ల గీతలుంటాయి. మెట్రిక్ తూనికలు, కొలతల చట్టం 1956లోనే వచ్చినా అడుగూ అంగుళమూ మన పెరడు విడిచిపోలేదు; వాటితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా గ్యాలనుతోనే.

గ్యాలనంటే నాలుగున్నర లీటర్లని బడిలో నేర్చుకున్నాము. అది బ్రిటిష్ గ్యాలను: 1824లో పది పౌండ్ల నీటి ఘనపరిమాణంగా నిర్ణయించినది, 4.546 లీటర్లు. అమెరికా గ్యాలను 231 ఘనపుటంగుళాలు, అంటే 3.785 లీటర్లే. ఆన్‌లైన్‌లో అయిదు గ్యాలన్ల గ్రోబ్యాగులు పది తెప్పించి, బడి లెక్క ప్రకారం 227 లీటర్ల మట్టి మిశ్రమం కలిపాను. సంచులు అమెరికా కొలతవి కావడంతో 189 లీటర్లకే నిండిపోయాయి. డబ్బు పెట్టి కొన్న వర్మీ కంపోస్టు కలిసిన మిగతా 38 లీటర్లు గోడ వారన కుప్పగా పడి ఉండి మొదటి వానకే సగం కొట్టుకుపోయాయి. మన కుంచం ఊరికొక తీరుగా ఉండేదని నవ్వుకుంటాము గాని, గ్యాలను మాత్రం తక్కువ తిన్నదా?

మందు ద్రావణాల్లో ఈ తేడాకు మరో మెలిక ఉంది. ఔన్సు కూడా రెండు దేశాల్లో ఒకటి కాదు. గ్యాలనుకు ఒక ఔన్సు అని రాస్తే, అమెరికా గ్యాలనులో 128 ఔన్సులు గనుక లీటరుకు 7.8 మిల్లీలీటర్లవుతుంది, బ్రిటిష్ గ్యాలనులో 160 గనుక 6.25 మాత్రమే. అదే వాక్యానికి పాతిక శాతం తేడా. అందుచేత పిచికారీకి లీటరు, మిల్లీలీటరే మేలని నిస్సందేహంగా చెబుతాను. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె అన్నప్పుడు ఏ దేశపు లీటరని అడగవలసిన పని లేదు.

మట్టి మిశ్రమానికి పాళ్లే ముఖ్యం గనుక అసలు మార్పిడే అక్కరలేదు. రెండు వంతుల మట్టికి ఒక వంతు కంపోస్టు, ఒక వంతు కొబ్బరి పొట్టు అన్నప్పుడు, మార్గశిర లక్ష్మివారాల్లో మా ఒడియా పొరుగువారు వడ్లు నింపి పూజించే మాణ అనే కొలపాత్రతో కొలిచినా, పగిలిన తట్టతో కొలిచినా ఫలితం ఒకటే.

మొత్తం ఎంత మట్టి కావాలో తేల్చడానికి మాత్రం ఘనపుటడుగు లీటరు కంటే సులువు, ఎందుకంటే మడిని టేపుతో కొలిచి గుణిస్తే చాలు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు గల మడికి ఎనిమిది ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు గనుక, బకెట్టు లోపల 14 లీటర్ల దగ్గర రంగుతో ఒక గీత గీసుకుంటే రెండు బకెట్లు ఒక ఘనపుటడుగుకు సరిపోతాయి; ఆ మడికి పదహారు బకెట్లు పడతాయి. దశాంశాల కోసం తాపత్రయపడనక్కరలేదు, మొదటి తడికే మట్టి రెండు వేళ్ల మందం దిగిపోతుంది, కాబట్టి మరో రెండు బకెట్లు కలిపి పక్కన ఉంచుకోవాలి.