క్రాటమ్ ఆకు పొడి: పొట్లం మీద లేని అంకె

నడుము నొప్పి కోసం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న క్రాటమ్ పొడిని ఐదు నెలలు వాడి, దానిని మానడానికి మరో రెండు నెలలు పట్టిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. పొడి మెత్తగా ఉంది, తేమ పట్టలేదు, చేదు మాత్రం ఎంతసేపటికీ నాలుకను వదలదు. మొదటి వారాలలో నొప్పి తగ్గిన మాట కూడా నిజమే.

పొట్లం మీద "కాఫీ కుటుంబానికి చెందిన మొక్క" అని పెద్ద అక్షరాలతో ముద్రించారు. వృక్షశాస్త్రం ప్రకారం అందులో అబద్ధం లేదు. మిత్రగైనా స్పెసియోసా (క్రాటమ్ చెట్టు శాస్త్రీయ నామం), కాఫీ మొక్క రెండూ రూబియేసీ కుటుంబానివే. అయితే ఈ ఆకులోని ప్రధాన ఆల్కలాయిడ్ (శరీరం మీద ప్రభావం చూపే సహజ రసాయనం) అయిన మిత్రగైనిన్, శరీరంలో దాని నుంచి తయారయ్యే 7-హైడ్రాక్సీమిత్రగైనిన్, మార్ఫిన్ పనిచేసే మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాల మీదనే పనిచేస్తాయన్న సంగతి పొట్లం మీద ఎక్కడా లేదు. కొద్ది మోతాదులో చురుకుదనం, ఎక్కువ మోతాదులో మగత కలిగించే ఈ ఆకుకు అలవాటుపడే ప్రమాదం కూడా అక్కడి నుంచే వస్తుంది.

నా అసలు ఫిర్యాదు మరొకటి. గ్రాము పొడిలో ఎంత మిత్రగైనిన్ ఉందో ముద్రించలేదు. చెట్టును బట్టి, పెరిగిన చోటును బట్టి ఈ పరిమాణం మారుతుంది కనుక, మూడవ నెలలో ఒక చెంచా చాలక రెండు చెంచాలు వేసుకున్నప్పుడు, ఈసారి వచ్చిన సరుకులో పస లేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. శరీరం మందుకు మొద్దుబారుతున్నదని గుర్తించడానికి ఒక ఉదయం పొడి అయిపోవలసి వచ్చింది: ఆ రోజు ముక్కు కారడం, ఆగని ఆవలింతలు, రాత్రంతా కాళ్లను ఒకచోట నిలవనివ్వని అలజడి, నిద్ర లేకపోవడం. జలుబు అనుకున్నాను కూడా.

థాయిలాండ్‌లో 1943 నాటి చట్టంతో నిషేధానికి గురైన ఈ ఆకును 2021 ఆగస్టులో మాదకద్రవ్యాల జాబితా నుంచి తొలగించడాన్ని విక్రేత భద్రతకు రుజువుగా చూపుతున్నాడు. కానీ ఆ దేశపు దక్షిణ ప్రాంతంలో ఎండలో పనిచేసే కూలీలు నమిలే పచ్చి ఆకు వేరు, చెంచాలకొద్దీ మింగే ఎండు పొడి వేరు, విక్రేత నాకు ఉచితంగా జతచేసి పంపిన గాఢసారం మాత్రలు పూర్తిగా వేరు. 7-హైడ్రాక్సీమిత్రగైనిన్ దట్టించిన ఇటువంటి ఉత్పత్తులను నియంత్రించాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జూలైలో సిఫారసు చేసింది. ఆకును ఆ సిఫారసులో చేర్చలేదు. ఆ మాత్రలను నేను తెరవలేదు, ఈ వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే.

మానడంలో నాకు ఉపకరించింది గ్రాముల తూకం. వైద్యుని సలహాతో చెంచాను పక్కనపెట్టి, తూచిన మోతాదును పుస్తకంలో రాసుకుంటూ వారం వారం కొద్దిగా తగ్గించాను. మొదటి రోజు నుంచే అలా తూచి రాసుకుని, వరుసగా రోజూ వాడకుండా ఉండి, మోతాదు పెంచాలనిపించిన రోజునే ఆపి ఉంటే ఇంతవరకు వచ్చేది కాదేమో. మద్యం, నిద్రమాత్రలు, ఓపియాయిడ్ మందులు తీసుకునేవారు దీని జోలికే పోకూడదు. కాలేయంలో అనేక మందులను విడగొట్టే సీవైపీ2డీ6 ఎంజైమును మిత్రగైనిన్ అడ్డుకుంటుంది కనుక, ఇతర మందులు వాడేవారు ముందుగా వైద్యునికి చెప్పాలి.

పరీక్ష నివేదిక అడిగితే విక్రేత సాల్మొనెల్లా, భారలోహాల ఫలితాలు మర్యాదగానే పంపాడు. ఆల్కలాయిడ్ల వరుస అందులోనూ లేదు. ఐదింటికి ఒక నక్షత్రం ఇస్తున్నాను.