పదా, ఎనిమిదా? డాబా మీద పోల్చి చూసిన రెండు బైనాక్యులర్లు

హనుమకొండలో మా ఇంట్లో రెండు బైనాక్యులర్లు ఉన్నాయి. ఒకటి 10x50, అంటే పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వ్యాసం 50 మిల్లీమీటర్లు. లావు భుజాల పాత పోరో ప్రిజం రకం (ప్రిజం అంటే లోపల కాంతిని మళ్లించి బొమ్మను నిటారు చేసే గాజు ముక్క). ఇంకోటి 8x42, నిటారు గొట్టాల రూఫ్ ప్రిజం. ధర దాదాపు ఒకటే. ఏళ్ల తరబడి రెండింటినీ వాడుతున్నాను. ఏది మంచిదంటే ఒక్క ముక్కలో చెప్పలేను. స్టాండు మీద పోరోదే పైచేయి, చేత్తో పట్టుకుంటే ఎనిమిదే నయం.

నా పరీక్షకు కావలసింది తెలుగు పేపరే. క్లాసిఫైడ్ ప్రకటనల పేజీని పిట్టగోడకు అంటిస్తాను. డాబా ఇంకో చివర ట్రైపాడ్ పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి బిగించి చూస్తాను. ‘వ’లో తలకట్టు అక్షరానికి అతుక్కొని ఉంటుంది, ‘ప’లో విడిగా ఉంటుంది. ఆ సన్నటి సందు కనబడిందా లేదా, అదే చూడాలి. వత్తులైతే ఇంకా కష్టం. 10x50లో ఆ సందు తేటగా విడిపోతుంది. 8x42లో అదే దూరం నుంచి కొంత ఊహించుకోవాల్సి వస్తుంది. ట్రైపాడ్ తీసేయగానే లెక్క తారుమారవుతుంది. 10x50లో బొమ్మతో పాటు చేతి వణుకు కూడా పది రెట్లు కనబడుతుంది, పైగా అది బరువు. కాసేపటికే అక్షరాలు ఆగవు. ఎనిమిదిలో మాత్రం వాక్యం చివరిదాకా చదవగలను.

ఇదంతా పొద్దున్నే చేయాలి. మన ఎండాకాలంలో తొమ్మిది దాటిందంటే డాబా నుంచి లేచే వేడిగాలికి ఎంత ఖరీదైన అద్దంలోనైనా అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. కిటికీ అద్దం వెనక నుంచి కూడా చూడొద్దు. షాపుల్లో చూపించేది సరిగ్గా అలాగే.

రెండో పరీక్ష రాత్రిపూట, చీకటి గదిలో. ఫోన్ టార్చిని కంటి వైపు అద్దానికి ఒక అడుగు వెనక నుంచి వేయండి. ముందు అద్దానికి తెల్ల కాగితం ఆనించి, దాని మీద పడే వెలుగు వలయాన్ని స్కేలుతో కొలవండి. నా 10x50లో అది 45 మిల్లీమీటర్ల దగ్గరే ఆగింది. ప్రిజం చిన్నదైనా, గొట్టం లోపల రింగు అడ్డం ఉన్నా ఇలా కోత పడుతుంది. ఈ కొలతను రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది, అంటే అది 5 మిల్లీమీటర్లు కాదు, 4.5. 8x42లో మొత్తం 42 వచ్చింది, చుక్క 5.25. డబ్బా మీద వేసిన అంకెకే డబ్బు కట్టాం కదా, ఆ అంకె రావాలి! కొన్నచోట అడిగితే ‘అన్నీ అంతే సార్’ అన్నారు. అన్నీ అంతే కాదు, రెండోది మా ఇంట్లోనే ఉంది.

అయినా పోరోను తీసిపారేయలేం. పోరో ప్రిజంలో కాంతి ప్రత్యేకమైన పూత లేకుండానే పూర్తిగా మళ్లుతుంది. రూఫ్ ప్రిజంలో సాధారణంగా ఒక ముఖానికి అద్దం పూత కావాలి, కాంతి తరంగాల తేడాను సరిచేసే ఫేజ్ పూత కూడా ఉంటేనే బొమ్మ తేటగా ఉంటుంది. అందుకే తక్కువ ధరలో పోరోకే బొమ్మ బాగా కుదురుతుంది. నా 8x42లో ఇంకో లోటు భద్రకాళి చెరువు దగ్గర బయటపడింది. మధ్యాహ్నం తెల్లటి ఆకాశం ముందు మోడు మీద కూర్చున్న నల్లటి నీటికాకి మెడ చుట్టూ ఊదారంగు గీత. చూపు మధ్యలో ఉన్నప్పుడు సన్నగా, అంచుకు జరిపితే ఇంకా మందంగా. ఇంటి దగ్గర కరెంటు తీగను తెల్ల మబ్బు ముందు పెట్టి చూసినా ఇదే తెలిసిపోతుంది. 10x50లో ఆ గీత ఉంది కానీ తక్కువ.

మా బాపు కంటద్దాలు పెట్టుకుంటాడు. పోరో ఇస్తే, ‘దీంట్ల సన్న బొక్కలకెళ్లి చూసినట్టుంది బిడ్డా’ అన్నాడు. కంటద్దాల వల్ల కన్ను దూరంగా ఉన్నా మొత్తం బొమ్మ కనబడాలంటే ఐ రిలీఫ్, అంటే కంటి వైపు అద్దం నుంచి కన్ను ఉండగలిగే దూరం, కనీసం 15 మిల్లీమీటర్లుండాలి. కంటద్దాలున్నవాళ్లు మిగతా అంకెలన్నిటికంటే ముందు దాన్ని చూడండి.

చూసిన కాసేపటికే కళ్లు లాగుతున్నా, తలనొప్పి వస్తున్నా రెండు గొట్టాలు ఒకే దిక్కుకు లేవేమోనని అనుమానించాలి. రాత్రి ఒక నక్షత్రాన్ని చూస్తూ, కుడి కంటి రింగు తిప్పి ఆ వైపు మసకబార్చండి. ఎడమ కంటి చుక్క ఆ మసక బిళ్ల లోపలే ఉండాలి. బయటికి జారితే వెంటనే వాపసు ఇచ్చేయండి, ఇంట్లో విప్పి సరిచేసే పని కాదు. ఏ పరీక్షలోనైనా సూర్యుడి వైపు మాత్రం తిప్పొద్దు, కన్ను పోతుంది.

వానాకాలంలో రెండింటినీ సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడతాను. తోలు సంచిలో ఉంచితే తేమ పట్టి అద్దాలకు బూజు వస్తుంది.