క్లార్క్స్ డెజర్ట్ బూట్: చేనేత చొక్కా కిందకి సరిగ్గా కుదిరే జోడు

స్వేడ్ షూస్, అంటే మెరుపు లేకుండా పైన సన్నటి నూగుండే తోలు షూస్, అనగానే మనవాళ్ళ నోట మొదట వచ్చే మాట "మన దుమ్ముకి అవి ఆగవు" అని. పొడి దుమ్ము వల్ల స్వేడ్‌కి ఏమీ కాదు, బ్రష్‌తో నాలుగు సార్లు లాగితే పోతుంది. దాన్ని పాడుచేసేది నీళ్ళు, ఆ తర్వాత నూనె. ఈ లెక్కన హైదరాబాద్‌లో వానలు వెనక్కి తగ్గిన దగ్గర్నుంచి ఎండాకాలం దాకా, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట పడే అకాల వానల్ని కాస్త కనిపెట్టుకుంటే, ఏడాదిలో సగానికి పైగా స్వేడ్‌ని రోజూ వేసుకోవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంత ధీమాగా చెప్పను, అక్కడ వేసుకోవడం కన్నా దాచుకోవడం కష్టం.

నేను వాడుతున్నది బ్రిటన్ షూ కంపెనీ క్లార్క్స్ వాళ్ళ డెజర్ట్ బూట్, ఇసుక రంగు స్వేడ్. చీలమండ దాకా వస్తుంది, లేసు కోసం రెండే రెండు జతల రంధ్రాలు, కింద క్రేప్ సోల్. క్రేప్ అంటే రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చే సహజమైన రబ్బరు, తేనె రంగులో కాస్త గరుకుగా ఉంటుంది. ఈ బూటుకి మంచి చరిత్ర ఉంది. క్లార్క్స్ వాళ్ళ ఇంటి అబ్బాయి నేథన్ క్లార్క్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బర్మాలో సైన్యంలో పనిచేసేటప్పుడు, ఈజిప్ట్ వైపు నుంచి వచ్చిన అధికారుల కాళ్ళకి కైరో బజారులో కుట్టించుకున్న స్వేడ్ బూట్లు చూశాడు. మన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో పొట్ట చేతపట్టుకుని వెళ్ళి, ఆ యుద్ధంలోనే కట్టుబట్టలతో వెనక్కి వచ్చింది ఆ బర్మా నుంచే. కైరో బజారు బూటునే ఆయన తన పద్ధతిలో తయారుచేసి 1949లో షికాగో షూ ఫెయిర్‌లో చూపించాడు, 1950లో అది అమ్మకానికి వచ్చింది. వేడి దేశంలో తిరిగేవాళ్ళ కోసం పుట్టిన బూటు అన్నమాట. లోపల లైనింగ్ ఉండదు, తోలు ఒక్క పొరే, అందుకే మన ఎండలో కూడా మామూలు లెదర్ షూస్ అంత ఉక్కగా అనిపించదు.

ఇంతకీ నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం బట్టలు. పాలిష్ చేసిన నల్ల షూస్ మీదకి మంగళగిరి కాటన్ చొక్కా గానీ పొందూరు ఖద్దరు గానీ వేసి చూడండి, చొక్కా ఒక దారి, షూస్ ఒక దారి అన్నట్టుంటాయి. చేనేత గుడ్డకి మెరుపుండదు, దగ్గర్నుంచి చూస్తే నూలు పోగులు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. స్వేడ్ కూడా అంతే, తోలు లోపలి వైపుని రుద్ది నూగు లేపింది కాబట్టి వెలుతురుని వెనక్కి కొట్టదు, తనలోకి తీసుకుంటుంది. రెండూ పక్కపక్కన పెడితే ఒక ఇంట్లో పుట్టినవాటిలా ఉంటాయి. ఇస్త్రీ కాస్త నలిగినా ఇబ్బందిగా అనిపించదు, పైగా అదే అందంగా ఉంటుంది. ఇది నాకు చాలా నచ్చిన విషయం, ఎందుకంటే మనం చేనేత కొంటాం, తీరా కాళ్ళకి ఏం వేయాలో తెలియక మళ్ళీ చెప్పులకో స్పోర్ట్స్ షూస్‌కో వెళ్ళిపోతాం.

ఇసుక రంగు బూటుతో నాకు బాగా కుదిరినవి ముదురు నీలం ప్యాంటు, ఆలివ్ రంగు చినోస్ (కాటన్ ప్యాంటు), నీలిమందు రంగు పొట్టి కుర్తా, ఇంకా మామూలు జీన్స్ మీద తెల్ల చొక్కా. ఖాకీ ప్యాంటు మాత్రం వద్దు, బూటు రంగూ ప్యాంటు రంగూ కలిసిపోయి కాలు ఎక్కడ ఆగిందో తెలియదు. ప్యాంటు అంచు బూటు పైభాగాన్ని అలా తాకీ తాకనట్టు ఉండాలి, కింద కుప్పగా పడితే ఈ బూటు అందం మొత్తం పోతుంది. షార్ట్స్ మీద నాకు నచ్చలేదు. పెళ్ళిళ్ళలో సిల్కు కుర్తా మీద కూడా వేసుకోను, అక్కడ మెరిసేదే ఉండాలి.

ఇంకో సంగతి, ఒంటి మీద స్వేడ్ ఒక్క చోటే ఉంటే బాగుంటుంది. బూటూ, బెల్టూ, బ్యాగూ అన్నీ స్వేడ్ అయితే సినిమా వేషంలా తయారవుతుంది. బెల్టు మామూలు బ్రౌన్ లెదర్ చాలు. నిజానికి స్వేడ్ బెల్టు కొనమని ఎవరికీ చెప్పను, బకిల్ రాసుకునే చోట కొన్నాళ్ళకే నూగు పోయి బట్టతల పడుతుంది. బ్యాగు వేరే కథ. మా అక్క దగ్గర టొబాకో రంగు స్వేడ్ బ్యాగు ఉంది, నారాయణపేట కాటన్ చీర మీద భుజానికి వేసుకుంటే చూడముచ్చటగా ఉంటుంది. లేత రంగు స్వేడ్ బ్యాగుని కొత్త జీన్స్ మీదకి మాత్రం వేసుకోవద్దు, జీన్స్ నీలం బ్యాగుకి అంటుకుంటే ఆ మరక సాధారణంగా పోదు. అలాగే ముదురు రంగు స్వేడ్ మొదట్లో తెల్ల సాక్సులకి రంగు అంటిస్తుంది. జాకెట్ సంగతి, ఇక్కడ డిసెంబర్, జనవరి సాయంత్రాలు తప్ప పనికిరాదు. డల్లాస్‌లో ఉండే మనవాళ్ళకి బాగా పనికొస్తుంది. న్యూజెర్సీ వాళ్ళు జాకెట్ వేసుకున్నా బూట్లు మాత్రం మంచు రోజుల్లో బయటికి తీయొద్దు, రోడ్ల మీద చల్లే ఉప్పు స్వేడ్ మీద తెల్ల గీతలు వేసేస్తుంది.

సైజు దగ్గర జాగ్రత్త. ఈ బూటు సైజులు కాస్త పెద్దగా వస్తాయి, మీరు మామూలుగా వేసుకునేదానికన్నా అర సైజు తక్కువది కూడా వేసి చూసి కొనండి. స్వేడ్ వాడకంలో ఇంకా సాగుతుంది కూడా.

శుభ్రం చేయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒకసారి ఒక షూ క్లీనింగ్ సర్వీసుకి ఇస్తే వాళ్ళు ఏదో ద్రవం రాసి నూగంతా అట్టకట్టించి ఇచ్చారు, అడిగితే స్వేడ్ అంటే అంతే సార్ అన్నారు. అంతేం కాదు. కెటిల్‌లో నీళ్ళు మరిగించి, ఆవిరికి బూటుని కాస్త ఎడంగా కొన్ని క్షణాలు చూపించి, వెంటనే స్వేడ్ బ్రష్‌తో దువ్వితే పడుకున్న నూగు లేచి నిలబడింది. వేలితో ఒక వైపు రాస్తే ముదురుగా, ఎదురు రాస్తే లేతగా కనిపించాలి, అలా కనిపిస్తే నూగు బాగున్నట్టే. చిన్న చిన్న మరకలకి పిల్లల పెన్సిల్ బాక్సులో తెల్ల రబ్బరు చాలు. మిర్చి బజ్జీ నూనె చుక్క పడిందా, తుడవకండి, తుడిస్తే లోపలికి ఇంకుతుంది. పైన టాల్కమ్ పౌడర్ గానీ కార్న్‌ఫ్లోర్ గానీ పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున దులిపి బ్రష్ చేయండి. తడిస్తే లోపల న్యూస్ పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే బిగుసుకుపోతుంది. వానాకాలం మొత్తం పాత దిండు గలీబులో పెట్టి బీరువా పైన ఉంచండి, ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే బూజు పడుతుంది.

క్రేప్ సోల్‌కి రెండు గుణాలున్నాయి. నడుస్తుంటే మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటుంది, రోజంతా నిలబడే పని ఉన్నవాళ్ళకి హాయి. కానీ దానికి మట్టి అంటుకుంటుంది, అంచు తేనె రంగు పోయి నల్లబడుతుంది, అది మామూలే. తడిసిన గ్రానైట్ మీద, మాల్స్‌లో అప్పుడే తుడిచిన నేల మీద క్రేప్ జారుతుంది, అక్కడ అడుగు చూసి వేయాలి.

ధర ఎక్కువే, ఆఫర్ వచ్చేదాకా ఆగడం మేలు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి స్వేడ్ అని కనిపించేవాటిలో చాలా వరకు పాలిస్టర్ మైక్రోఫైబర్, అంటే తోలు కాదు, సన్నటి సింథటిక్ పోగుల గుడ్డ. అది చెడ్డదని కాదు, వానలో అదే నయం. తోలు ధర పెట్టి మాత్రం కొనకండి. షూ మీద మెటీరియల్ గుర్తు ఉంటే చూడండి, చర్మం పరిచినట్టున్న బొమ్మ ఉంటే తోలు, ఒట్టి డైమండ్ ఆకారం ఉంటే వేరే పదార్థం.

గేరు బండి నడిపేవాళ్ళు మాత్రం ఇది కొనేముందు ఆలోచించండి. గేరు లివరు రోజూ రాసుకుని ఎడమ బూటు ముందు భాగంలో నల్లటి మచ్చ పడి, నూగు అరిగిపోతుంది, అక్కడ ఏ బ్రష్ చేసేదేమీ ఉండదు. లివరు దగ్గర రబ్బరు తొడుగు వేసుకున్నా కొంతే ఆగుతుంది. స్కూటరో, మెట్రోనో అయితే ఏ దిగులూ లేదు.