ఎంజీబీకి ఎస్‌యూ రీబిల్డ్ కిట్: హైదరాబాద్ ఎండకి, ఇథనాల్ పెట్రోలుకి సరిపోతుందా?

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఐడ్లింగ్‌లో ఆగిపోతోందంటే చాలా గ్యారేజీల్లో మొదట చేయి పోయేది పెట్రోలు పాళ్లు సర్దే జెట్ నట్ల మీదకే. తిప్పినకొద్దీ ఇంకా చెడుతుంది. 1962 నుంచి దాదాపు పదేళ్లపాటు ఈ కారుకి వచ్చిన, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే జంట ఎస్‌యూ హెచ్ఎస్4 కార్బ్యురేటర్లు ఇంత వయసొచ్చాక ట్యూనింగ్‌తో దారికి రావు, మొత్తం విప్పి కట్టాల్సిందే. ఎస్‌యూ పేరు మీద హక్కులున్న బ్రిటిష్ సంస్థ బర్లెన్ దానికోసం అమ్మే రీబిల్డ్ కిట్ ఇది. కిట్ మంచిది, కొనొచ్చు. అయితే హైదరాబాద్‌లో కారు తిరగాలంటే అది సగం పనే చేస్తుంది. మిగతా సగం లేత్ దగ్గరా పెట్రోలు పైపుల దగ్గరా ఉంది.

కిట్లు రెండు రకాలు. సర్వీస్ కిట్‌లో ప్రధానంగా గ్యాస్కెట్లు, సీళ్లు, ఫ్లోట్ నీడిల్ వాల్వు (గిన్నెలోకి పెట్రోలు రాకని ఆపేది), దాని సీటు ఉంటాయి. రీబిల్డ్ కిట్‌లో వాటితోపాటు జెట్లు (పెట్రోలు వచ్చే గొట్టాలు), వాటిలో కదిలే సూదులు, థ్రాటిల్ స్పిండిళ్లు (గాలి దారిని తెరిచి మూసే ఇరుసులు), వాటికి బిగించే డిస్కులు, వాటి స్క్రూలు కూడా వస్తాయి. సర్వీస్ కిట్‌తో సరిపెట్టుకుంటే డబ్బు దండగ, ఎందుకంటే ఈ కార్బ్యురేటర్లలో ముందుగా అరిగేది స్పిండిలే. ఆర్డర్ పెట్టేముందు పాత సూది మెడ మీద చెక్కి ఉన్న గుర్తు చూసుకోండి. సూది కదలకుండా బిగించిన రకమా, స్ప్రింగు మీద వాలి ఉండే రకమా అన్నది కూడా తెలియాలి. మొదటి రకానికి జెట్‌ని మధ్యలోకి సర్దాలి, రెండో రకానికి ఆ పని లేదు. హెచ్ఐఎఫ్4 రకం కార్బ్యురేటర్లున్న తర్వాతి మోడళ్లకి కిట్ వేరు.

కిట్‌లో రానివి బుష్‌లు, అంటే స్పిండిల్ తిరిగే రంధ్రంలో వేసే తొడుగులు. స్పిండిల్‌ని వేళ్లతో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. లూజు తెలుస్తోందంటే అల్యూమినియం బాడీలోని రంధ్రం కోలగా అరిగినట్టే. దాంట్లో కొత్త స్పిండిల్ వేసినా పక్కనుంచి గాలి లాగుతూనే ఉంటుంది, మిక్స్చర్ పలచబడుతుంది (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ), ఐడ్లింగ్ ఎక్కీ దిగీ చస్తుంది. బాలానగర్‌లో మంచి లేత్ షాపులకి లోటు లేదు. అక్కడ ఇత్తడి బుష్‌లు వేయించి 5/16 అంగుళానికి, అంటే 7.94 మిల్లీమీటర్లకి, రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు) పట్టించాలి. రెండు వైపుల బుష్‌లకీ రీమర్ ఒకే వరసలో, ఒకే ఊపులో వెళ్లాలని గట్టిగా చెప్పండి. వెంట్రుకవాసి వంకర పోయినా థ్రాటిల్ బిగుసుకుంటుంది.

డిస్కు బిగించేటప్పుడు దాన్ని పూర్తిగా మూసి వెలుతురుకి పెట్టి చూడాలి. చుట్టూ ఎక్కడా గీత కనిపించకూడదు. స్క్రూలు బిగించాక వాటి చీలిన కొసల్ని విడదీయడం మరవొద్దు. ఒక్క స్క్రూ ఊడినా నేరుగా సిలిండర్లోకి పోతుంది, అప్పుడు కార్బ్యురేటర్ ఖర్చు పోయి ఇంజిన్ ఖర్చు మీద పడుతుంది. పాత స్క్రూలు మళ్లీ వాడనే వాడొద్దు.

ముందు, వెనక కార్బ్యురేటర్ల జెట్లు ఒకటి కావు, నైలాన్ ట్యూబు పొడవులో తేడా ఉంటుంది. ట్యూబు కొస రబ్బరు గ్లాండ్‌ని (సీలుని) దాటి కనీసం 4.8 మిల్లీమీటర్లు బయటికి రావాలి. లేదంటే ఫ్లోట్ గిన్నె కిందనుంచి పెట్రోలు కారుతుంది. సూది భుజం కార్బ్యురేటర్ లోపలి పిస్టన్ అడుగుకి సమంగా కూర్చోవాలి. పిస్టన్నీ దాని పైగిన్నెనీ జతగా తయారు చేస్తారు, ఒకదానివి ఇంకోదానికి మార్చకూడదు, ఎమరీ కాగితం అసలే తగలకూడదు. పిస్టన్ రంధ్రాలు మూసి, డ్యాంపర్ (పిస్టన్ కదలికని నెమ్మది చేసేది) పెట్టి, తిరగేసినప్పుడు గిన్నె జారడానికి 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. ముందే జారిపోతే ఆ జత అరిగింది, దానికి ఏ కిట్టూ మందు కాదు.

ఇక పెట్రోలు సంగతి. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. మామూలు పెట్రోలుకి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గరే సరిపోతుంది. అంటే పాత సెట్టింగు మీద ఇంజిన్ పలచగా నడుస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉండటం వల్ల ఆ తేడాలో కొంత పూడుతుంది గానీ మొత్తం కాదు. జెట్‌ని బ్రిడ్జికి (పిస్టన్ కిందుండే గట్టుకి) సమంగా తెచ్చి, అక్కణ్నుంచి నట్టు 12 ఫ్లాట్లు (నట్టు పలకలు, అంటే రెండు చుట్లు) కిందకి తిప్పి మొదలుపెట్టండి. ఈ20 మీద ఇంకో ఒకటి రెండు ఫ్లాట్లు దిగాల్సి రావొచ్చు. జెట్ దింపడం ఐడ్లింగ్‌లో చూపినంత ప్రభావం ఫుల్ థ్రాటిల్‌లో చూపదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కాసేపు లాగించి ఆపాక ప్లగ్గులు తెల్లగా ఉంటే ఇక జెట్ జోలికి పోకుండా ఒక మెట్టు రిచ్ సూది (పెట్రోలు ఎక్కువ వదిలేది) తెప్పించుకోవాలి.

ఇథనాల్ పాత రబ్బరుని తినేస్తుంది. కిట్‌తోపాటే ఇథనాల్‌ని తట్టుకునే వైటన్ రబ్బరు కొస ఉన్న నీడిల్ వాల్వులు, బర్లెన్ వారి స్టేఅప్ ఫ్లోట్లు తీసుకోండి. ఆ ఫ్లోట్ లోపల బోలుగా ఉండదు, కాబట్టి చిల్లుపడి మునగడం ఉండదు. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకానికి మార్చాలి. మామూలు పైపు లోపలి పొర ఊడి ఆ నలుసులు కొత్త వాల్వు కిందే ఇరుక్కుంటాయి, నింద మాత్రం కిట్ మోస్తుంది. పంపు విషయంలోనూ అంతే. అసలు ఎస్‌యూ పంపు ఒత్తిడి 3 పీఎస్ఐ లోపే. బజార్లో దొరికే యూనివర్సల్ పంపు అంతకు మించి తోస్తే పెట్రోలు వాల్వుని నెట్టుకుని పొంగుతుంది. ఇగ్నిషన్ వేసి ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు ఎస్‌యూ పంపు టక్‌టక్‌మని ఆగకుండా కొట్టుకుంటోందంటే వాల్వు మూసుకోవట్లేదనో, పైపు ఎక్కడో కారుతోందనో అర్థం.

మే నెల ఎండలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఇంకో ఇబ్బంది. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కార్బ్యురేటర్ల కిందే ఉంటుంది, గిన్నెలో పెట్రోలు మరిగిపోతుంది. హీట్ షీల్డూ దానికీ మానిఫోల్డుకీ మధ్య వచ్చే ఇన్సులేటర్ దిమ్మలూ తప్పనిసరి, వాటికి రెండు వైపులా కొత్త గ్యాస్కెట్లు పడాలి. షీల్డు కిట్‌లో రాదు.

బిగించాక నేరుగా మిక్స్చర్‌కి పోకండి. ముందు టాపెట్ల సందు 0.015 అంగుళం, తర్వాత ఇగ్నిషన్ పాయింట్ల సందు 0.015, ప్లగ్గులది 0.025, ఆపైన ఇగ్నిషన్ టైమింగు చూడాలి. దీనికి పాత అంబాసిడర్ మెకానిక్‌ని మించినవారు లేరు, అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ కూడా ఇదే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్ కుటుంబం. జంట కార్బ్యురేటర్ల బ్యాలెన్సింగ్ మాత్రం అది చేసి అలవాటున్నవారికే ఇవ్వండి. రెండింటినీ కలిపే స్పిండిల్ క్లాంపులు వదులు చేసి, ట్యూబు చెవి దగ్గర పెట్టుకుని రెండింట్లో గాలి చప్పుడు సమానం చేశాకే మిక్స్చర్ చూడాలి. కార్బ్యురేటర్ పిస్టన్‌ని 0.8 మిల్లీమీటర్లు లేపితే ఇంజిన్ ఒక్క క్షణం వేగం పెరిగి మామూలుకి వస్తే సరిగ్గా ఉన్నట్టు. పెరిగి అలాగే ఉంటే రిచ్, తడబడితే పలచన. డ్యాంపర్లో ఎస్ఏఈ 20 ఆయిల్ పోయాలి, మన ఎండల్లో 20డబ్ల్యూ50 పోసినా పనిచేస్తుంది.

కిట్ ధర పౌండ్లలో తక్కువగానే కనిపిస్తుంది గానీ కొరియర్, దిగుమతి సుంకం, జీఎస్టీ కలిశాక లెక్క మారిపోతుంది. ఫ్లోట్లు, వాల్వులు, ఇన్సులేటర్లు, రిచ్ సూదులు అన్నీ ఒకే పార్సిల్లో తెప్పించుకోవడం మేలు. ఆర్9 పైపు రాణిగంజ్‌లో అడగొచ్చు, పైపు మీద ఆ ముద్ర ఉంటేనే తీసుకోండి.

వానాకాలంలో కారు వారాల తరబడి కదలకపోతే ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, నీళ్లు విడిపోయి గిన్నెల అడుగుకి చేరతాయి. కారు పక్కన పెట్టేముందే ఫ్లోట్ గిన్నెల మూతలు తీసి, లోపలి పెట్రోలు తోడేసి, అడుగు గుడ్డతో తుడిచి, కిట్‌లోని కొత్త గ్యాస్కెట్ నలగకుండా మూత మళ్లీ బిగించి ఉంచాలి.